నడపమన్నారు

అడ్డకడ్డీ పనిచేయడం లేదని మొదట కనిపెట్టింది పిచ్చుకే.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. ఉతికి, ఆరీ ఆరని దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, వేడి రోలరు కిందికి అందించాలి. అక్కడివాళ్లు ఆ యంత్రాన్ని పెద్ద ఇస్త్రీ అంటారు. రోలరుకి ముందు, చేతుల మట్టానికి, ఒక ఇనప కడ్డీ అడ్డంగా ఉంటుంది. పొరపాటున వేళ్లు దాన్ని తాకితే రోలరు ఠక్కున ఆగిపోవాలి. సోమవారం పొద్దున్న, అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయి మోచెయ్యి కడ్డీకి తగిలింది. రోలరు ఆగలేదు. ఈసారి కావాలనే అరచేత్తో నెట్టి చూసింది. దుప్పటి తన మానాన తను లోపలికి పోతూనే ఉంది.

"దుబాసక్కా! ఈ కడ్డీ చచ్చింది, ఇటు రా!"

దుబాసక్క అట్టకి కాగితాలు బిగించుకుని తడి బట్టల తోపుడుబండ్ల దగ్గర నిలబడి ఉంది. ఆ పేరు ఆమెకి పెట్టిందీ పిచ్చుకే. అక్కడ పనిచేసే పద్నాలుగు మంది ఆడవాళ్లకీ ఇంట్లో తెలుగే, పనిలోనూ తెలుగే. మేనేజరుకి ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదు. ఆయన మాట వీళ్లకీ, వీళ్ల మాట ఆయనకీ చేరాలంటే ఈవిడ నోటిమీదుగానే. అందుకే అందరూ దుప్పట్లతో కుస్తీ పడుతుంటే ఈవిడ చేతిలో అట్ట ఉంటుంది, చెవి మీద పెన్ను ఉంటుంది.

మేనేజరు ఫోను చెవికి ఆనించుకుని గబగబా బయటికి పోతున్నాడు. దుబాసక్క ఎదురెళ్లింది.

"సార్, బార్ నాట్ వర్కింగ్. నో స్టాప్."

ఆయన ఒక్క అడుగు పక్కకి వేసి కడ్డీని బొటనవేలితో నొక్కాడు. మొహం చిట్లించాడు. ఆరబెట్టే యంత్రాలు నాలుగూ ఒక్కసారే తిరుగుతున్నాయి. ఆ హోరులో, ఫోను చెవి నుంచి తీయకుండానే ఏదో అన్నాడు. ఆమెకి వినపడింది ఇది: "దెన్ రన్ ఇట్ టిల్ ద ఫిట్టర్ కమ్స్." మొదటి మాట సగం హోరులో కలిసిపోయింది కానీ మిగతాదంతా స్పష్టంగానే ఉంది. ఫిట్టరు వచ్చేదాకా నడపండి.

"యెస్ సార్."

తలుపు దాకా వెళ్లి ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, అర్థమైందా అన్నట్టు. ఆమె నవ్వుతూ తలూపింది. ఆయన వెళ్లిపోయాడు. మళ్లీ బుధవారం దాకా వేరే ఊళ్లో పని ఉందని ముందే చెప్పి ఉన్నాడు.

"ఏమన్నాడు?" అంది పిచ్చుక.

"ఫిట్టరు వచ్చేదాకా నడపమన్నారు. కాస్త చూసుకుని పెట్టండి."

"నడపమన్నాడా? కడ్డీ చచ్చినా?"

"నడపమన్నారనే చెబుతున్నా కదా."

"సరిగ్గా విన్నావా అక్కా?"

మడతల బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురు తలెత్తారు. దుబాసక్కకి చెవులు వెచ్చబడ్డాయి. "ఏమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వు నేర్పుతావా నాకు ఇంగ్లీషు?"

అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. మనిషి చిన్నది, నోరు పెద్దది, కోపం ఏ పూటా మిగుల్చుకోదు. తడి దుప్పటి కొస అందుకుని, "రావే తల్లీ, వెళ్లి కాలుదువు గాని," అంటూ రోలరు కిందికి తోసింది.

మంగళవారం పదకొండు గంటలప్పుడు దుప్పటి అంచు మెలిపడింది. రోలరులోకి ముడతతో పోతే ఆ దుప్పటి మళ్లీ ఉతుకుడికి పోవాల్సిందే. పిచ్చుక అలవాటు కొద్దీ చెయ్యి చాచి మెలిక విప్పబోయింది. ఆమె మణికట్టు కడ్డీని నెట్టడం, కడ్డీ లొంగిపోవడం, రోలరు ఆగకపోవడం అవతలి కొస పట్టుకున్నావిడ కళ్లారా చూసింది. కేక వేసింది ఆవిడే. పిచ్చుక నోట్లోంచి ముందసలు శబ్దమే రాలేదు.

మడతల బల్ల దగ్గరి ముసలావిడని అందరూ పెద్దమ్మ అంటారు. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ నడిచే ఆ మనిషి ఎలా పరిగెత్తిందో తెలీదు, గోడ మీది ఎర్ర బొత్తాం మీద రెండు చేతులతో పడింది. రోలరు ఆగింది. చెయ్యి బయటికి తీయడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది.

ఆసుపత్రి బండి వచ్చినప్పుడు ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని వాళ్లడిగినవాటన్నిటికీ దుబాసక్కే జవాబు చెప్పింది. మాటలు దొరికాయి. చేతులు, కాళ్లు, నొప్పి, వేడి, వయసు. అవన్నీ ఆమెకి వచ్చిన మాటలే.

రెండు వేళ్లు ఉంటాయో పోతాయో వారం దాకా చెప్పలేమన్నారని సాయంత్రానికి తెలిసింది.

*

బుధవారం మేనేజరు గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. బయటి హోరు లోపలికి రాదు. పిచ్చుక కుర్చీ అంచున కూర్చుంది. కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు. మొహం పీక్కుపోయి, ఒక్కరోజులో పదేళ్లు మీద పడ్డట్టుంది. దుబాసక్క ఎప్పటిలాగే బల్ల పక్కన, ఇద్దరికీ మధ్యలో నిలబడింది.

మేనేజరు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు. జరిగినదానికి చాలా బాధగా ఉందన్నాడు. దుబాసక్క చెప్పింది. నొప్పి ఎలా ఉందన్నాడు. చెప్పింది. పిచ్చుక జవాబు ఆయనకి చెప్పింది. ఆయన ముందున్న కాగితం తిప్పి, పెన్ను తీసి, ఆ తర్వాత అన్నాడు:

"బట్ ఐ టోల్డ్ యూ ఆన్ మండే. ఐ సెడ్, డోన్ రన్ ఇట్ టిల్ ద ఫిట్టర్ కమ్స్."

దుబాసక్క ఆ మాటని తెలుగులోకి తిప్పబోయి ఆగింది.

డోన్. సోమవారం హోరులో కలిసిపోయిన మాట అదే. డోంట్‌లో చివరి టకారం లేదు. గొంతులోనే మింగేసిన చప్పుడు. ఆయన నడపమనలేదు. ఫిట్టరు వచ్చేదాకా నడపొద్దన్నాడు. వెనక్కి తిరిగి చూసింది కూడా అందుకే. తను నవ్వుతూ తలూపింది.

మేనేజరు ఆమె వంక చూశాడు. పిచ్చుకా చూసింది. చెప్పాలి. చెప్పడమే తన పని.

"నడపొద్దని... సోమవారమే చెప్పానంటున్నారు."

పిచ్చుక కనుబొమలు ముడిపడ్డాయి. "అదేంటక్కా? నడపమన్నారని నువ్వే కదా చెప్పావు! నేను రెండుసార్లు అడిగాను కూడా. అందరూ విన్నారు. ఆ మాటే చెప్పు ఆయనతో."

"వాట్ డజ్ షీ సే?" అన్నాడు మేనేజరు.

దుబాసక్క అట్టని గుండెకి ఆనించుకుంది. చెప్పాల్సిన వాక్యం చిన్నదే. కావలసిన మాటలన్నీ ఆమెకి వచ్చు. అవి నాలిక దాకా వచ్చాయి కూడా. తీరా నోటి నుంచి వచ్చినవి వేరే.

"షీ... షీ డజంట్ రిమెంబర్, సార్."

మేనేజరు తలూపి రాసుకున్నాడు.

పిచ్చుక ఆమె మొహంలోకి చూసింది. ఆ గదిలోంచి బయటికి వచ్చేదాకా, వచ్చాక కూడా, ఒక్క మాట మాట్లాడలేదు. అంతసేపు పిచ్చుక నోరు మూసుకుని ఉండటం దుబాసక్క అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. పన్నెండేళ్ల పిల్ల. తల్లి తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. తల్లి ఆ జవాబుకి తెలుగులో కసురుతుంది. ఆ ఇంట్లో మాటలు అలాగే నడుస్తాయి.

"ఏయ్, డోంట్ అనే మాట వీళ్లు ఎలా పలుకుతారే?"

"డోంట్?" పిల్ల తలెత్తింది. "డోన్ అంటారు. చివర్న ట్ అనరు. స్పీడుగా అంటే అసలు వినపడదు."

"వినపడకపోతే ఎలా తెలుస్తుంది మరి?"

"తెలీదు. మళ్లీ చెప్పమని అడగడమే." పిల్ల మళ్లీ పుస్తకంలోకి దిగింది. "అయినా నీకెందుకమ్మా, నీకొచ్చు కదా. మా టీచరుతో కూడా చెప్పా, మా అమ్మ ఇంటర్‌ప్రెటర్ అని."

దుబాసక్క పొయ్యి వైపు తిరిగింది. పిల్ల పడుకున్నాక భర్తకి చెప్పింది, ఉన్నది ఉన్నట్టు. ఆయన బూట్లు విప్పుతూ విన్నాడు. ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"నువ్వేం కావాలని చేశావా?"

"కాదు."

"పై నెలలో నిన్ను సూపర్‌వైజర్ చేస్తామన్నారు. ఇప్పుడు నీకు ఇంగ్లీషే రాదని నువ్వే చాటింపు వేసుకుంటావా?"

"దాని చెయ్యి పోయేట్టుంది."

"నువ్వు చెబితే ఆ చెయ్యి బాగవుతుందా?" అన్నాడాయన. ఆ మాట ఆయనకే నచ్చలేదో ఏమో, బూటు కింద పెట్టి, "నీ ఇష్టం," అన్నాడు. కానీ ఆ గొంతులో ఇష్టం ఆమెకి వదిలేసిన ధోరణి ఏమీ లేదు.

*

గురువారం పెద్ద ఇస్త్రీకి పసుపు పట్టీ చుట్టారు. స్విచ్చికి తాళం వేశారు. ఫిట్టరు దాని కడుపంతా విప్పి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. దుప్పట్లన్నీ చిన్న ఇస్త్రీల మీదికి మళ్లడంతో ఎవరికీ ఊపిరి సలపడం లేదు. భోజనాల వేళ దుబాసక్క డబ్బా పట్టుకుని వచ్చేసరికి బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి.

పెద్దమ్మ ఒక్కతే ఆమె వంక చూసింది. "నడపమన్నారని నువ్వన్నది నేనూ విన్నానమ్మాయ్."

"ఆ గోలలో ఎవరికేం వినపడింది పెద్దమ్మా."

"మోకాళ్లు పోయినయ్యి గానీ చెవులు బాగానే ఉన్నాయి నాకు."

ఎవరూ నవ్వలేదు. దుబాసక్క డబ్బా మూత తీయకుండానే లేచింది.

సాయంత్రం మేనేజరు పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. రేపు పై ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది, ఆవిడ ముందు పిచ్చుక సంతకం కావాలి, ఇవాళే వెళ్లి చదివి అర్థమయ్యేలా చెప్పు అన్నాడు. దుబాసక్క బస్సులో కూర్చుని ఒక్కో మాటా వేలు పెట్టుకుని చదివింది. తెలియని మాటలు ఫోనులో వెతుక్కుంది. నడపవద్దన్న ఆదేశం నా భాషలోనే నాకు అందింది. దాన్ని ఉల్లంఘించి యంత్రం నడిపాను. జరిగినదానికి బాధ్యత నాదే. నా భాషలోనే అన్నచోట ఆమె వేలు ఆగిపోయింది. ఆ రెండు మాటల్లో ఉన్నది పిచ్చుక కాదు, ఆదేశాన్ని ఆ భాషలోకి తెచ్చిన మనిషి. తను.

పిచ్చుక ఉండేది మూడో అంతస్తులో ఒక గదీ వంటిల్లూ. తలుపు ఆమే తీసింది, ఎడమ చేత్తో.

"రండి. కూర్చోండి."

దుబాసక్క గుమ్మంలోనే తడబడింది. నాలుగేళ్లుగా రావే పోవే అని తనూ, నువ్వు అని అదీ. 'మీరు' ఎప్పుడూ లేదు.

మంచం మీద ఆరిన బట్టల కుప్ప ఉంది. పిచ్చుక దాని ముందు కూర్చుని ఒక చిన్న గౌనుని గెడ్డం కింద నొక్కి పట్టుకుని ఎడమ చేత్తో మడత పెడుతోంది. మడత జారిపోయింది. మళ్లీ పెట్టింది. దుబాసక్క చెయ్యి చాచింది కానీ, పిచ్చుక గౌను వదల్లేదు.

"నొప్పి ఎలా ఉంది?"

"ఉంది."

పక్కన నేల మీద ఆరేళ్ల కూతురు బొమ్మలకి రంగులు వేసుకుంటోంది. పిచ్చుక దాని వంక చూసి, "లోపలికెళ్లి ఆడుకో పో," అంది. పిల్ల వెళ్లాక అంది:

"దీని బడిలో టీచరమ్మ రోజూ ఒక చీటీ పంపిస్తుంది. రిమెంబర్ నీళ్ల సీసా. రిమెంబర్ స్వెటరు. రిమెంబర్ పుస్తకం. ఇది పొద్దున్నే అవన్నీ పాటలా పాడుతూ సంచి సర్దుకుంటుంది. రెండేళ్ల నుంచి వింటున్నా."

రిమెంబర్. బుధవారం మేనేజరుతో దుబాసక్క అన్న మాట.

"నేనా మాట అనలేదు కదా," అంది పిచ్చుక. "గుర్తులేదని నేను అనలేదు."

"అప్పుడే... అక్కడే ఎందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నాకొచ్చింది ఆ ఒక్క మాటే. దాంతో ఆయనకి ఏం చెప్పగలను?"

వంటింట్లోంచి పిల్ల ఏదో కూనిరాగం తీయడం వినపడుతోంది. దుబాసక్క కాగితం ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది. అలా దించుకునే చెప్పింది. డోన్ అన్నాడని. తనకి దెన్ అని వినపడిందని. మొదటి మాట సరిగా వినపడలేదని ఆ క్షణంలోనే తెలుసునని, అయినా మళ్లీ అడగలేదని.

"ఎందుకడగలేదు?"

"అడిగితే... రాదనుకుంటారని."

పిచ్చుక గౌను పక్కన పెట్టింది. "యంత్రాల దగ్గర గోల. ఎవరికైనా ఒక మాట పోతుంది. దానికి నాకు కోపం లేదక్కా, నిజంగా లేదు. కానీ ఆ గదిలో గోల లేదు కదా."

దుబాసక్క ఒళ్లోని కాగితం మడత విప్పింది.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి," అంది పిచ్చుక. మంచం పక్కనున్న కూతురి పాత నోటుపుస్తకం తీసింది. చివరి పేజీ నిండా వంకరటింకర గీతలు. ఎడమ చేత్తో తన పేరు, ఇరవై ముప్ఫై సార్లు. "ఏదో ఒక కాగితం వస్తుందని తెలుసు, పొద్దుటి నుంచి రాస్తున్నా. ఇంకా కుదరడం లేదు."

*

శుక్రవారం పై ఆఫీసు నుంచి వచ్చినావిడ నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని ఉంది. కోటు తీసి కుర్చీకి తగిలించి, ముందు పిచ్చుక వంక చూసి తలూపి, ఆ తర్వాతే మేనేజరు వంక చూసింది. కాగితం బల్ల మీద ఉంది. పక్కన పెన్ను. పిచ్చుక ఎడమ చెయ్యి ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టుకుంది.

"షల్ వి?" అన్నాడు మేనేజరు దుబాసక్కతో. మొదలుపెట్టు అన్నట్టు చెయ్యి చూపించాడు.

దుబాసక్క కాగితం అందుకుంది. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. బయట ఎక్కడో యంత్రం ఆగిన గంట మోగింది. తడి బండి ఒకటి గడగడా దొర్లిపోయింది. ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది. చేతిలో అట్టనీ దాని మీద పెట్టింది.

"మేడమ్. ఐ... నాట్ డూ దిస్."

"సారీ?"

"నాట్ మీ. అదర్ పర్సన్. తెలుగు పర్సన్. మై ఇంగ్లీష్ నాట్ గుడ్."

మేనేజరు నవ్వేశాడు. ఆమె ఇంగ్లీషు చాలా బాగుంటుందనీ, తొందరపడుతోందనీ ఏదో అన్నాడు. దుబాసక్కకి ఒంట్లో రక్తమంతా మొహంలోకి ఎక్కింది. ఆయన ఇచ్చిన ఆ మెప్పు కోసం ఇన్నాళ్లూ ఎంత పాకులాడింది! ఇప్పుడు కూడా ఊ అనేస్తే చాలు, అది తనదే.

"నో సార్," అంది. "నాట్ గుడ్."

పై ఆఫీసావిడ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. మేనేజరుకి చేత్తో ఆగమని సైగ చేసి, ఫోను తీసి ఏవో అంకెలు నొక్కి బల్ల మధ్యలో పెట్టింది. కాసేపు సంగీతం వచ్చింది. తర్వాత ఒక మగ గొంతు, కొంచెం నిద్రమత్తుగా, కానీ శుభ్రమైన తెలుగులో మాట్లాడింది.

"నమస్కారమండీ. నేను దుభాషిని. మీరు చెప్పింది చెప్పినట్టే చెబుతాను. ఏదీ కలపను, ఏదీ తీసేయను. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఎవరు మాట్లాడతారండీ?"

ఆ గదిలో ఎప్పుడూ కూర్చోని దుబాసక్క, పిచ్చుక పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"నేను చెబుతానండీ."

మొదలుపెట్టాక ఆగలేదు. తెలుగులో చెప్పడానికి వెతుక్కోవాల్సిందేమీ లేకపోయింది. కడ్డీ ఎలా లొంగిపోయిందో, ఆరబెట్టే యంత్రాలు ఎన్ని తిరుగుతున్నాయో, సారు ఫోను ఏ చెవికి పెట్టుకున్నారో కూడా చెప్పింది. మధ్యలో ఒకసారి ఆ గొంతు ఆపింది.

"క్షమించండమ్మా. అడ్డకడ్డీ అంటే ఏమిటో నాకు తెలీదు. కొంచెం వివరిస్తారా?"

ఏ మాత్రం బెరుకు లేకుండా అడిగాడు. దుబాసక్క ఫోను వంక వింతగా చూసింది. వివరించింది. ఆయన, "ఆఁ, ఇప్పుడర్థమైంది," అని ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. సగం ఆమెకి అందలేదు. అందిన సగం తను ఎన్నడూ కూర్చలేని వాక్యాల్లో ఉంది.

"నడపొద్దని ఆయన చెప్పారు. నడపమన్నారని నాకు వినపడింది. అదే వీళ్లకి చెప్పాను. ఈ పిల్ల సరిగ్గా విన్నావా అని అడిగింది కూడా. దీని తప్పు ఇందులో రవ్వంత లేదు."

మేనేజరు కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఇంకోటుంది," అంది దుబాసక్క. పిచ్చుక వంక చూడలేకపోయింది. కట్టు వంక చూసింది. "బుధవారం ఇదే గదిలో ఈ పిల్ల జరిగిందంతా చెప్పింది. ఆ మాట సారుకి చెప్పమంది. నేను చెప్పలేదు. గుర్తులేదంటోందని చెప్పాను. అది వినపడకపోవడం కాదండీ. అబద్ధం చెప్పాను."

ఫోనులోని గొంతు ఆమె తరఫున, ఆమే మాట్లాడుతున్నట్టు, ఒక్కో వాక్యం చెప్పింది. చివరి రెండు మాటలూ ఆమెకి వచ్చినవే. "ఐ లైడ్."

పై ఆఫీసావిడ పెన్ను మూత పెట్టేసింది. పిచ్చుకని అడిగింది. పిచ్చుక చెప్పింది, ఫోనులోకి వంగి, తనంతట తానే, పెద్ద గొంతుతో, సోమవారం నుంచి బుధవారం దాకా. చెబుతూ చెబుతూ ఏడ్చింది. మూడు రోజులుగా ఆ నోట్లో కుక్కుకున్నదంతా బయటికి వచ్చింది. ఆ గొంతు ఓపిగ్గా అన్నీ మోసుకెళ్లింది.

ఆ తర్వాత ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. ఆవిడ అడిగినవాటిని కూడా ఫోనులోని మనిషి తెలుగులో చెబుతూనే ఉన్నాడు, ఇది అందరికీ సంబంధించిన మాట కాబట్టి అంటూ. స్విచ్చికి తాళం సోమవారమే ఎందుకు వేయలేదు? ఫిట్టరుకి ఎప్పుడు ఫోను చేశారు? నడపవద్దని ఒక బోర్డయినా ఎందుకు పెట్టలేదు? ఈవిణ్ణి దుభాషిగా ఎవరు నియమించారు, ఏ పరీక్ష పెట్టి? మేనేజరు ఒకటి రెండింటికి జవాబు చెప్పాడు. చివరిదానికి చెప్పలేదు. ఆయన మెడ ఎర్రబడింది. ఆయన మీద దుబాసక్కకి జాలి వేసింది. నడపొద్దని ఆయన అన్న మాట నిజమే కదా.

పిచ్చుక సంతకం పెట్టాల్సిన కాగితం ఆవిడ సంచిలోకి వెళ్లిపోయింది, సంతకం లేకుండానే. వైద్యం సంస్థదే, చెయ్యి బాగయ్యేదాకా ఆమె ఉద్యోగం ఎక్కడికీ పోదు అని చెప్పించింది. దుబాసక్క సంగతి సోమవారం చెబుతామంది. అప్పటిదాకా దుభాషి పని వద్దు, మురికి బట్టలు ఏరే చోట ఉండమంది. అట్టని మేనేజరు తన వైపు లాక్కున్నాడు.

బయట నడవాలో ఇద్దరూ గోడవారగా నడిచారు. లోపలి నుంచి అందరూ చూస్తూనే, చూడనట్టు దుప్పట్లు మడతపెడుతున్నారు. పెద్దమ్మ మాత్రం మడత ఆపి నిలబడింది. దుబాసక్కకి పిచ్చుకతో ఏదైనా అనాలని ఉంది. ఏది అనుకున్నా నాలిక మీదికి వచ్చేసరికి తేలిపోతోంది.

వెనక నుంచి అడుగుల చప్పుడు. మేనేజరు. కోటు వేసుకుంటూ వాళ్లని దాటి రెండడుగులు పోయి, ఆగి, వెనక్కి తిరిగి గబగబా ఏదో అన్నాడు. అలవాటు కొద్దీ దుబాసక్క వంక చూసే అన్నాడు. ఎక్కడో ఒక మాట తెగింది.

"ఏమంటున్నాడక్కా?"

లోపల అందరికీ వినపడే దూరంలోనే ఉన్నారు. దుబాసక్క తల అడ్డంగా ఊపింది.

"తెలీదే. నాకర్థం కాలేదు." తర్వాత ఆయన వైపు తిరిగింది. "సార్. అగైన్. స్లో."

ఆయన మళ్లీ చెప్పాడు. ఇంకా సగమే అందింది.

"వన్ మోర్ టైమ్, సార్."

ఆయన విసుక్కోబోయి ఆగాడు. జేబులోంచి తాళంచెవి తీసి చూపించి, పిచ్చుక వైపు చెయ్యి చూపి, ఒక్కో మాటా విడిగా పలికాడు.

"ఆసుపత్రికి కట్టు మార్పించుకోడానికి వెళ్లాలి కదా, కారులో దింపమంటావా అని అడుగుతున్నారు."

పిచ్చుక ఆయన వంకా చూసింది, దుబాసక్క వంకా చూసింది. కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో గుండెకి దగ్గరగా పట్టుకుంది.

"వద్దని చెప్పండి," అంది. "గట్టిగా చెప్పండి, ఇంకోలా వినపడకుండా."

'మీరు' ఇంకా పోలేదు. కానీ మడతల బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. పిచ్చుక పెదవి కొసన కూడా ఏదో కదిలింది. దుబాసక్క గొంతు సవరించుకుని, నడవా అంతా వినపడేలా చెప్పింది.

"నో, సార్. షీ సేస్ నో."